చెరగు లోపలి మూడు చుక్కలు

నా భార్యకు ఎన్నడూ ఏ రోగమూ లేదు. ముందుగా ఈ మాట రాసిపెడుతున్నాను. తక్కినది ఎవరు చదివినా చదవకపోయినా ఫరవాలేదు. మా బంధువుల్లో ఆవిడకు ఒకప్పుడు ‘అది’ వచ్చి తగ్గిందని అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది అంటే కుష్ఠు. ఆ మాట మా వైపు ఎవరూ పైకి అనరు. పెద్దరోగం అంటారు, లేకపోతే గొంతు తగ్గించి ‘అది’ అంటారు. ఆవిడకు అది రాలేదు. వచ్చిందల్లా ఒంటి మీద దద్దురు. ఆ దద్దురు తెచ్చిపెట్టింది నేను. ఆ సంగతి తెలిసిన తరవాత కూడా పద్దెనిమిదేళ్ళు నోరు మెదపలేదు.

ఇప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్ళు. నరసాపురం తాలూకా కచేరీలో గుమాస్తాని. నాలుగేళ్ళ కిందట మా వియ్యంకుడి దగ్గరనుంచి ఒక కార్డు రాకపోయి ఉంటే ఇంకా ఊరుకునే ఉండేవాణ్ణేమో. దాని సంగతి తరవాత చెబుతాను. ముందు ఆవిడ ఒంటి సంగతి చెప్పాలి.

ఆవిడ పద్నాలుగో ఏట కాపరానికి వచ్చింది. దిగబెట్టడానికి వచ్చిన మా అత్తగారు మా అమ్మతో చెప్పిన మాటలు అరుగు మీద కూర్చుని విన్నాను.

“వదినగారూ, మా పిల్ల ఒళ్ళు కాస్త పెంకి ఒళ్ళండి. దేనికీ ఓర్చుకోదు. నలుగు రుద్దితే కందిపోతుంది. కొత్త చీరైతే గంజి పోయేదాకా మూడుసార్లు జాడించి అప్పుడు కట్టనివ్వండి. కంద, చేమ తరగనివ్వకండి. గోరువెచ్చని నీళ్ళు చాలు దానికి. తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కలు కొబ్బరినూనె రాసుకుంటుంది. ఇంకేమీ అక్కర్లేదు.”

“అలాగేలెండి వదినగారూ. మీ అమ్మాయిని అరిటాకులో చుట్టి అటక మీద పెట్టుకుంటాం,” అంది మా అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

మా అమ్మ చెడ్డది కాదు. కానీ అమ్మ ఒళ్ళు అలాంటిది కాదు, నాదీ కాదు. చేలోకి దిగి వరిదుబ్బుల మధ్య గంటసేపు తిరిగి వచ్చినా నాకు కాళ్ళు దురద పెట్టేవి కావు. అందుకని ఒకరికి పడేది ఇంకొకరికి పడకపోవడం అంటే నాకు అర్థమయ్యేది కాదు. అది గారం అనుకునేవాణ్ణి. పెళ్ళిలో నలుగు పెట్టిన మర్నాడు ఆవిడ చెంపలు రెండూ ఎర్రగా ఉబ్బాయి. పీటల మీద అందరూ సిగ్గు అనుకున్నారు. తరవాత చాలా ఏళ్ళు దాన్ని నేను వేళాకోళంగా చెప్పేవాణ్ణి.

ఆవిడ మాత్రం తన ఒంటితో ఎలా ఉండాలో తెలుసుకుని ఉండేది. పట్టుచీర కింద పాత నూలుగుడ్డ ఒకటి చుట్టుకునేది. కొత్త గాజులు వేసుకున్న వారం మణికట్టుకు నూనె రాసేది. దురద పెడితే గోకదు, తడిగుడ్డ వేసి ఊరుకుంటుంది. మూడేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. మాకు అమ్మాయి పుట్టింది.

పిల్లకు తొమ్మిదో నెల నడుస్తుండగా ఒకరోజు కచేరీలో నా పక్క బల్ల ఆయన నావైపు అదేపనిగా చూశాడు. వేళాకోళం మనిషి. అందరికీ వినపడేలా, “ఏమండీ, నా కండువా మీ భుజం మీద నా మీదకంటే బాగుందండి. ఉంచేసుకోండి,” అన్నాడు. తీసి చూస్తే నిజమే. అంచున చాకలి పెట్టిన ఆయన ఇంటి గుర్తు ఉంది. మా ఇద్దరికీ చాకలి ఒకడే. ఆ రోజంతా కచేరీలో కండువా మాటే. నాకు ఒళ్ళు మండింది. బట్టలు తెల్లగా, మడత నలగకుండా ఉండాలని పట్టింపు ఉన్నవాణ్ణి. పక్కవాడి కండువా వేసుకుని తిరిగానన్న మాట నాకు పెద్ద అవమానంగా తోచింది.

మర్నాడు చాకలి మూట దించేసరికి పెరట్లోకి వెళ్ళాను.

“గుర్తు పెద్దది పెట్టు. ఒకటీ రెండూ కాదు, మూడు చుక్కలు.”

“అలాగేనండి బాబుగారు.”

“బయటికి కనపడకూడదు. పంచె అంచున నల్లచుక్కలేసుకుని కచేరీకి వెళ్ళలేను. లోపలి వైపు పెట్టు.”

అతను చెవి వెనక గోక్కున్నాడు. “లోపలైతే ఒంటికి తగులుద్దండి. జీడి కదండీ, అందరికీ పడదు. అంచునైతే వేళ్ళాడుద్ది, ఏ గొడవా ఉండదు. మా తాతల కాడ్నించీ అంచునే పెడుతున్నామండి.”

“మీ తాతల కాడ్నించీ నా కండువా పక్కవాడికే ఇస్తున్నారా?”

అతను నవ్వాడు. “ఆ ఒక్కసారేనండి. అది కూడా మా ఆడదాని చెయ్యండి, నాది కాదు.” మళ్ళీ అడిగాడు. “ఆడోళ్ళ బట్టలక్కూడా లోపలేనాండి?”

“అన్నిటికీ.”

ఆ ఒక్క మాటే నేను అన్నది.

చాకలి గుర్తు ఎలా పెడతారో చూడనివాళ్ళకు చెబుతాను. నల్లజీడి గింజను కాల్చిన సూదితో పొడిస్తే చిక్కటి రసం వస్తుంది. దాన్ని బట్ట మీద చుక్కలా అద్ది, పైన కాస్త సున్నం రాస్తారు. నల్లగా మాడినట్టు అవుతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఒకపట్టాన పోదు. ఆ రసం చేతి మీద పడితే పొక్కుతుందని చాకలి పిల్లలకు కూడా తెలుసు. ఆరిన చుక్క కూడా కొందరి ఒంటిని వదలదని చాకలికి తెలుసు. నాకు చెప్పాడు కూడా.

చీరలకు నడుం దగ్గర దోపుకునే లోపలి చెరగున మూడు చుక్కలు పడ్డాయి. రవికలకు మెడ వెనక మడతలో పడ్డాయి.

మూడు వారాలకు ఆవిడ నడుం మీద దురద మొదలైంది. ముందు ఎరుపు, తరవాత చిన్న చిన్న పొక్కులు, తరవాత రసి. మెడ వెనకా అంతే. ఆవిడ తన పద్ధతిలో తడిగుడ్డ వేసుకుంది, నూనె రాసుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచేది. అలవాటైన దద్దురేనని మొదట ఎవరం పట్టించుకోలేదు.

తరవాత అందరం పట్టించుకున్నాం. దానితో మరీ చెడింది. మా అమ్మ వేపాకూ పసుపూ నూరి పట్టించింది. మంట ఎక్కువై ఆవిడ కూర్చోలేకపోయింది. ఎవరో గంధకం నూనెలో కలిపి రాయమన్నారు. తోలు ఊడింది. కుంకుడురసంతో కడగమన్నారు, కడిగాం. రోజుకు రెండుసార్లు సున్నిపిండితో రుద్దితే చెడు పోతుందన్నారు, రుద్దాం. మేము చేసిన ప్రతి పనీ రాచిన ఒంటిని ఇంకా రాచడమే. వద్దని ఆవిడ ఒకసారి అంది. “నీ మంచికే కదే,” అంది మా అమ్మ. ఆవిడ మళ్ళీ అనలేదు.

ఏటి అవతలినుంచి ఒక వైద్యుణ్ణి పిలిపించాను. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. ఏ రోగమో చెప్పలేదు. చూర్ణం ఇచ్చి, ఉప్పూ పులుపూ లేని పథ్యం చెప్పి, వెళ్తూ వెళ్తూ మా అమ్మతో, “పిల్లని కాస్త ఎడంగా ఉంచండమ్మా,” అన్నాడు. అంతే. ఆ సాయంత్రానికి మా ఇంట్లో పెద్దరోగం ఉంది.

పెద్దరోగంలో మచ్చకు స్పర్శ పోతుందని మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆవిడకు చీర అంచు తగిలితే ప్రాణం పోయేలా ఉండేది. ఈ చిన్న సంగతి ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

అమ్మ ఆవిడను వంటింట్లోకి రావద్దంది. పెరటివైపు వసారాలో చాప, మట్టి మూకుడు, వేరే చెంబు. పిల్లను అమ్మ తీసుకుంది. అప్పటికి పిల్లకు ఏడాది నిండింది. ఆవుపాలు అలవాటు చేశారు. మొదటి వారం వసారా తలుపు దగ్గరికి పాకిపోయి తలుపు కొట్టేది. తరవాత మానేసింది. నేను కచేరీకి వెళ్ళి వస్తూ ఉండేవాణ్ణి.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. వంట చేసేవాళ్ళు చాకలి ఉతికిన బట్ట కట్టకూడదు. ఇంట్లోనే తడిపి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసుకున్న మడిచీరే కట్టాలి. మా అమ్మ బట్ట ఒక్కటీ చాకిరేవుకు వెళ్ళేది కాదు. నా భార్య కూడా వంట చేస్తున్నన్నాళ్ళూ పొద్దున లేచింది మొదలు మధ్యాహ్నం దాకా మడిలో ఉండేది, ఆ తరవాతే చాకలి చీర కట్టేది. అంటే ఆవిడ ఒంటికి రోజులో సగం ఆ చుక్కలనుంచి విడుదల ఉండేది. వంటింట్లోంచి వెళ్ళగొట్టాక మడి అక్కర్లేకపోయింది. ఇక రాత్రీ పగలూ చాకలి చీరే. పైగా రోగమని రోజుకు రెండు చీరలు మార్పించి, ఉడకబెట్టి ఉతికించేవాళ్ళం. చుక్క వెలిసిందంటే చాకలి మళ్ళీ పెట్టేవాడు. నేను అంత గట్టిగా చెప్పాను మరి.

రెండు నెలలకు నడుం చుట్టూ పాకింది. అప్పుడు ఆవిడను పుట్టింటికి పంపాం. భీమవరం దగ్గర పల్లె. కాలవ పడవ మీద నేనే దింపి వచ్చాను. పడవలో ఆవిడ ఒక కొసన కూర్చుంది. పిల్లను తీసుకురాలేదు.

వాళ్ళమ్మ ఊళ్ళో చాకలికి బట్టలు వేయడానికి భయపడింది. నలుగురికీ తెలుస్తుందని. కూతురు కట్టుకొచ్చిన చీరలు మూటకట్టి పక్కన పెట్టి, తన పాతచీరలు ఇచ్చి, తనే పెరట్లో ఉతికింది. నెలన్నరకు మంచి కబురు వచ్చింది. మచ్చలు మానుతున్నాయట. మందు పనిచేస్తోంది అనుకున్నాం.

అది ఆషాఢం. నేను కొత్త కోటు ఒకటి కుట్టించుకున్నాను. ఉక్కపోతకు మెడ చుట్టూ చెమట. చాకలి ఒక ఉతుకు వేసి, మెడ లోపల నా గుర్తు పెట్టి తెచ్చాడు. నాలుగు రోజులు వేసుకున్నాను. మెడ వెనక చురచురలాడుతోంది. చెమటకాయలు అనుకున్నాను. కచేరీలో నా వెనకగా వెళ్తూ ఆ పక్క బల్ల ఆయన ఆగాడు.

“ఏమండీ, మీ మెడ మీద చాకలి గుర్తు పడిందేంటండీ? ఈసారి మిమ్మల్నే మూటకట్టి రేవుకు పట్టుకుపోతాడు కాబోలు.”

అందరూ నవ్వారు. నేను చెయ్యి వెనక్కి పెట్టి తడిమాను. మూడు పొక్కులు. ఒకదాని పక్కన ఒకటి, సమంగా. ఇంటికి వచ్చి గోడ అద్దానికి వీపు పెట్టి చేతి అద్దంలో చూసుకున్నాను. ఎవరో కొలిచి పెట్టినట్టు మూడు. దద్దురుకే లొంగని ఒంటి మీద కూడా చెమటా కొత్త జీడీ కలిసేసరికి లేచాయి.

అద్దం దించి పెట్టాను. ఆ క్షణాన అంతా తెలిసిపోయింది. కాళ్ళు కడుక్కున్నాను, భోజనానికి కూర్చున్నాను. అమ్మ పిల్లకు ముద్దలు పెడుతోంది. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. పెరుగన్నం తిని లేచాను.

మర్నాడు పొద్దున చాకలితో, “ఇకనుంచి గుర్తు అంచునే పెట్టు. ఒక చుక్క చాలు,” అన్నాను.

అతను నా మెడ వంక చూశాడు. “అమ్మగారికి కూడా ఇదేనేమోనండి.”

“నీ పని నువ్వు చూసుకో.”

“ఆయ్,” అన్నాడు. మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఎందుకు చెప్పలేదని తరవాత చాలాసార్లు ఆలోచించాను. అమ్మ నొచ్చుకుంటుందని కాదు. అలా అని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి గానీ అది అబద్ధం. కండువా సంగతికే నెలరోజులు నవ్వారు. గుమాస్తాగారు పెళ్ళానికి చాకలి గుర్తు వేయించి పెద్దరోగమని పుట్టింటికి తోలేశాడని తెలిస్తే ఎన్నాళ్ళు నవ్వుతారు? అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే రాసేవాణ్ణి.

శ్రావణం వెళ్ళాక ఆవిడను తీసుకొచ్చాను. ఒంటి మీద మచ్చ లేదు. పాత బట్టలు ఇంట్లో ఉంచకూడదని వైద్యుడు చెప్పాడని కల్పించి, గుర్తు పడ్డ చీరలూ రవికలూ అన్నీ ఏటి ఒడ్డున తగలబెట్టించాను. అడిగినవాళ్ళందరికీ మందుతో తగ్గిందని చెప్పాను. మందుతో తగ్గిందని చెప్పానంటే రోగం ఉండేదని ఒప్పుకున్నట్టే. అది నాకు అప్పుడే తెలుసు.

“మందుతో తగ్గింది మళ్ళీ తిరగబెట్టకుండా ఉంటుందట్రా? రెండేళ్ళు పథ్యం తప్పకూడదు. పిల్ల జోలికి రానివ్వకూడదు,” అంది అమ్మ. నేను సరే అన్నాను. ఆవిడ ఏమీ లేని ఒంటికి రెండేళ్ళు చూర్ణం మింగింది. ఉప్పు లేని అన్నం తింది. నేను ఎదురుగా కూర్చుని ఊరగాయ వేసుకుని తిన్నాను.

పిల్లకు మాటలు వచ్చాయి. మా అమ్మను ‘అమ్మా’ అంది. అమ్మ కోడల్ని ‘అమ్మాయీ’ అని పిలుస్తుంది గనక అదీ వాళ్ళమ్మను ‘అమ్మాయీ’ అనేది. వచ్చినవాళ్ళు పిల్ల చేత ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించుకుని నవ్వేవాళ్ళు. ఆవిడ వసారాలోంచి “ఆఁ” అని పలికేది. రెండేళ్ళు గడిచి ఎడం తీసేశాక కూడా పిల్ల నాయనమ్మ పక్కలోనే పడుకుంది. కాస్త పెద్దదయ్యాక అమ్మాయీ అనడం మానేసింది. ఇంకో పిలుపు దొరకలేదు. ‘ఇదిగో’, ‘నిన్నే’ అని ఏదో ఒకటి అని పని గడుపుకునేది. తల్లికి చిన్నప్పుడు ఏమైందని నాయనమ్మను అడిగితే నాయనమ్మ తను నమ్మింది చెప్పింది.

పిల్లను రామచంద్రపురం దగ్గర ఒక ఊరికి ఇచ్చాం. ఆ తరవాత ఏడాదికి మా అమ్మ పోయింది. మరో రెండేళ్ళకు మనవరాలు పుట్టింది. ఆ మనవరాలికి ఏడో నెలలో కార్డు వచ్చింది. వియ్యంకుడు మర్యాద తెలిసిన మనిషి. ఇలా రాశాడు.

“చిన్నదాని వీపున, చంకల యందు మచ్చలు లేచి తగ్గుట లేదు. మీ అమ్మాయి తన తల్లికి ఇట్టిదే వచ్చియుండెనని మా ఇంట చెప్పినది. ఇది నిజమేనా? ప్రస్తుతము పిల్లను తల్లి వద్ద ఉంచుట లేదు. తమ జవాబు చూచి ఏమి చేయవలెనో ఆలోచించెదము.”

పెరట్లో నా భార్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కార్డు పైకి చదివాను.

“పిల్లకి పాలెవరిస్తున్నారు?” అంది.

“అది రాయలేదు.”

ఆవిడ చేతులు ఆగాయి. అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. కండువా, మూడు చుక్కలు, లోపలి చెరగు, మెడ మీద పొక్కులు, తగలబెట్టిన చీరలు. ఒక వరసలో చెప్పాను. పద్దెనిమిదేళ్ళు దాచిన మాట నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయ తీసుకుంది.

“మీకెప్పుడు తెలిసింది?”

“ఆషాఢంలో.”

“ఏ ఆషాఢం?”

“నువ్వు మీ పుట్టింట్లో ఉన్న ఆషాఢం.”

ఇంకో నాలుగు కాయలు తీసింది. “దానికి మాటలొచ్చింది కార్తీకంలో,” అంది.

ఆవిడ చేట పక్కన పెట్టి లేచి, చెయ్యి కడుక్కుని, “పడవ ఎన్నింటికి?” అంది.

మా ఊరినుంచి అక్కడికి ఏటి పాయలు దాటాలి. వశిష్ఠ దాటి, కోనసీమలో కొబ్బరితోటల మధ్య బండి మీద పోయి, గౌతమి దాటి, మళ్ళీ బండి. ఒకటిన్నర రోజు. దారిలో ఆవిడ మూట విప్పి నాకు దిబ్బరొట్టె ముక్క పెట్టింది, తను తింది. ఎండ తగలకుండా చెంగు చేతుల మీదికి లాక్కుంది. కోపంగా ఉన్నట్టు లేదు.

వియ్యంకుడు అరుగు దిగి ఎదురొచ్చాడు. “కార్డు ముక్క రాస్తే సరిపోయేది కదండీ బావగారూ. ఇంత దూరం ఎందుకు శ్రమపడ్డారు?”

“కార్డు మీద రాసేది కాదండి.”

ఆవిడ లోపలికి వెళ్ళింది. నేను అరుగు మీద కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. చాకలి గుర్తు అనగానే ఆయన ఫక్కున నవ్వబోయాడు. ఆషాఢం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

“మరి మా చెల్లెమ్మగారు ఇన్నాళ్ళూ...” అని ఆగాడు.

“ఆవిడకి ఏ రోగమూ లేదండి. మా అమ్మాయికీ లేదు. ఉంటే నా దగ్గరే ఉంది.”

తలుపు చాటున మా అమ్మాయి చీర అంచు కనపడుతోంది. అది అంతా విన్నదని నాకు తెలుసు. వినాలనే కాస్త గట్టిగా చెప్పాను.

లోపల నా భార్య పిల్ల పొత్తిగుడ్డలన్నీ తెప్పించి వసారాలో పరిచింది. పాతచీరలు చింపి చేసిన మెత్తని గుడ్డలే. ఆ ఇంటి చాకలి లెక్క తప్పకుండా ప్రతి ముక్కకీ ఒక చుక్క పెట్టాడు. ముక్కలు చిన్నవి కావడంతో చుక్క ఎటు తిప్పినా పిల్ల ఒంటికే తగులుతోంది. ఆవిడ కత్తెర తీసుకుని ఒక్కో చుక్కా గుండ్రంగా కత్తిరించి పక్కన పోగుపెట్టింది.

“గుడ్డలన్నీ చిల్లులు పడ్డాయి కదండీ వదినగారూ,” అంది వియ్యపురాలు.

“చిల్లి గుచ్చుకోదు కదండీ. కొన్నాళ్ళు ఈ గుడ్డలు రేవుకు వేయకండి. ఇంట్లోనే ఉత్త నీళ్ళలో జాడించి నీడపట్టున ఆరేయండి. పెద్ద బట్టలకి గుర్తు కావాలంటే అంచున రంగుదారం ముడి వేసి ఇవ్వండి, చాకలి పోల్చుకుంటాడు.” పిల్లను ఒళ్ళోకి తీసుకుని చంకలు చూసింది, మెడ మడతలు చూసింది. “ఇదొక్కటే కాదండి. రోజూ సున్నిపిండి రుద్దుతున్నారా?”

“రుద్దకపోతే నూగు ఎలా పోతుందండీ? రేప్పొద్దున ఆడపిల్ల.”

“నూగుంటే పెళ్ళి ఆగదండి. మచ్చలుంటేనే ఆగుతుంది. రుద్దడం మానేయండి. ఇది తోమాల్సిన గిన్నె కాదు కదా.”

వియ్యపురాలు నవ్వింది. నేను అరుగు మీంచి విన్నాను. మా ఇంట్లో ఎవరితోనూ ఆవిడ ఇలా మాట్లాడగా నేను వినలేదు.

మర్నాడు పొద్దున పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంది. తను కన్న పిల్లకు ఏడాది దాకా అలా నీళ్ళు పోసింది, ఆ తరవాత ఇదే. మా అమ్మాయి నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన కూర్చుంది.

“వేడి చూశావా?”

“చూశాను.”

“అరచెయ్యి కాదు. మోచెయ్యి పెట్టి చూడు.”

“చల్లగా ఉన్నాయేమో.”

“అలాగే ఉండాలి. మెల్లిగా పొయ్యి.”

నలుగు లేదు, పిండి లేదు. ఉత్త నీళ్ళు. తరవాత పాతగుడ్డతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె రాసింది. పొక్కులున్న చోట అదీ రాయలేదు. ఇరవై రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ మా అమ్మకు చెప్పిన మాటలే అవన్నీ. పిల్ల పాలకు ఏడుపు లంకించుకుంది. వియ్యపురాలు గుమ్మంలోంచి చూసి, మా అమ్మాయితో, “ఏంటమ్మా అలా కూర్చున్నావు? తీసుకుని పాలియ్యి,” అంది. పదకొండు రోజుల తరవాత పిల్ల తల్లి ఒళ్ళోకి వెళ్ళింది.

ఆవిడ అక్కడ నెలరోజులు ఉంటానంది. నేను ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. బయల్దేరేటప్పుడు మా అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. “జాగ్రత్తగా వెళ్ళండి నాన్నగారూ,” అంది. మొహంలోకి చూడలేదు. ఇంకేమైనా అంటుందేమోనని చెంబు చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అది లోపలికి వెళ్ళిపోయింది. మూడు వారాలకు పిల్ల ఒళ్ళు నున్నబడిందని కార్డు వచ్చింది.

వచ్చిన మర్నాడు రేవుకు వెళ్ళాను. చాకలి ముసలివాడైపోయాడు. ఒడ్డున కూర్చుని కొడుకు ఉతుకుతుంటే చూస్తున్నాడు. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం అన్నాను.

“ఆయ్. నాకప్పుడే అనిపించిందండి. తమరు ఊరుకోమన్నారు, ఊరుకున్నాను,” అన్నాడు. తరవాత, “అమ్మగారు బావున్నారాండి?” అని అడిగాడు. బావుంది అన్నాను.

ఈ నాలుగేళ్ళలో చెప్పవలసినవాళ్ళకు ఒక్కొక్కరికీ చెబుతూ వచ్చాను. కొందరు నమ్మారు. మందు గొప్పదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. కచేరీలో పక్క బల్ల ఆయనకు కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. నేను భయపడ్డ నవ్వు అసలు రాలేదు.

మా అమ్మాయి నెలకొక కార్డు రాస్తుంది. పైన ‘నాన్నగారికి నమస్కారములు’ అని ఉంటుంది. పిల్ల అల్లరి, పాడి, వానలు. చివర ఎప్పుడూ ఒక ముక్క ఉంటుంది. “పిల్లకు ఒళ్ళు బాగున్నది. సున్నిపిండి వాడుట లేదని చెప్పవలెను.” ఎవరికి చెప్పాలో రాయదు. పిలుపు ఉండవలసిన చోట ఏమీ ఉండదు. నేను కార్డు పైకి చదువుతాను. ఆ చివరి ముక్క రాగానే ఆవిడ “ఆఁ” అంటుంది. వసారాలోంచి పలికినట్టే అంటుంది. తరవాత లేచి, దండెం మీది చీర తీసుకుని, చెరగు లోపలి వైపు వేలితో తడిమి చూసుకుని, మడత పెట్టుకుంటుంది.